చేపలు తేలిన చెరువు, ఈటీపీలో పనిచేసే మరిది

సంగారెడ్డి జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం పంపారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు ముప్ఫై నాలుగు, డిగ్రీ చదివారు, ఇంట్లో ట్యూషన్లు చెబుతారు. ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ల చెరువుకు ఎగువన రెండు కిలోమీటర్ల దూరంలో ఒక మందుల కంపెనీ ఉంది. జూన్ ఆఖరి వారంలో మొదటి పెద్ద వాన పడిన తెల్లారి చెరువులో చేపలు తేలాయి. మామగారు మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. చెరువు కింద రెండెకరాల వరి ఉంది. పీసీబీకి, అంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డుకు, ఫోన్ చేస్తే నాలుగో రోజున వచ్చి, కట్ట దగ్గర రెండు క్యాన్లు నింపుకుపోయారు. రెండు నెలలకు ‘పరిమితుల్లోనే ఉంది’ అని కాగితం వచ్చింది. పోయినేడు కూడా ఇలాగే జరిగితే కంపెనీ సంఘానికి కొంత డబ్బిచ్చి స్టాంపు కాగితం మీద సంతకాలు తీసుకుందట. అందులో ఏముందో సంతకం చేసినవాళ్లకే తెలియదు. ఊరి కుర్రాళ్లు “అక్కా, నువ్వు చదువుకున్నవు, నువ్వే రాయాలె” అని వెంటపడుతున్నారు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. మరిది అదే కంపెనీలో ఈటీపీ ఆపరేటరు, అంటే మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగి. ఒక రాత్రి వదినకు లాగ్‌బుక్ పేజీ ఫొటో పంపాడు. పంపులు ఆగి ఉన్న గంటలకు కూడా నడిచినట్టు అందులో రాసి ఉందట. సంగతి తెలిసిన అత్తగారు “వాని నోటికాడి బుక్క గుంజుతవా?” అన్నారు. భర్త “నీ ఇష్టం” అన్నాడు గానీ వారంగా సరిగ్గా మాట్లాడటం లేదు. “నేను ఊరుకోవాలా? ఊరుకోకపోతే ఎవరూ కొట్టిపారేయలేని రుజువు ఎట్లా కూడబెట్టాలి? ఆ ఫొటోను ఏం చేయాలి?” అని అడిగారు. ఉత్తరం మీద తేదీ అక్టోబరు 27.

ముందు ఆ ఫొటో సంగతి చూద్దాం. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. దాన్ని ఎవరికీ పంపకండి. కుర్రాళ్ల గ్రూపులో అసలే వద్దు. లాగ్‌బుక్ పేజీలో చేతిరాత ఉంటుంది, షిఫ్టు ఉంటుంది, ఆ షిఫ్టులో ఉన్న ముగ్గురు నలుగురి సంతకాలు ఉంటాయి. ఎవరు తీశారో తేల్చుకోవడానికి కంపెనీకి ఒక పూట చాలు. పోనీ రుజువుగానైనా గట్టిదా అంటే అదీ కాదు. ‘ఇది మా పుస్తకం కాదు’ అని కంపెనీ అన్న మరుక్షణం మీ మరిది ముందుకొచ్చి ‘నేనే తీశాను’ అనాలి. ఫోన్‌లోని ఫొటో కోర్టులో నిలవాలంటే, భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ల ధ్రువపత్రం కావాలి. అంటే ఫొటో వాడటమంటే అతణ్ని సాక్షిగా నిలబెట్టడమే. అతను అందుకు సిద్ధపడి పంపలేదు, మనసులో మాట వదినతో చెప్పుకున్నాడు, అంతే. మీ ఫోన్‌లోంచి దాన్ని తీసేయండి. అతని దగ్గర ఉంచుకోవాలో వద్దో అతనిష్టం. రేపు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒక కమిటీని వేస్తే లాగ్‌బుక్‌ను ఆ కమిటీయే తెప్పించుకుంటుంది. ఆ పని మీది కాదు.

అత్తగారి మాటలో సగం న్యాయం ఉంది. మీరు వేసే ప్రతి అడుగూ, మరిది అసలు మీకు బంధువే కాకపోయినా వేయగలిగిన అడుగై ఉండాలి. ఊళ్లో ఎవరైనా చూడగలిగిన నీళ్లు, దేశంలో ఎవరైనా అడగగలిగిన కాగితాలు, ఈ రెండింటి మీదే మీ కేసు నిలబడాలి. అదృష్టవశాత్తూ ఈ విషయంలో ఆ రెండూ చాలు.

మీరు జత చేసిన పీసీబీ రిపోర్టు చూశాను. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) 7.9, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) 1,840, సీఓడీ (మురికినంతా రసాయనంతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) 210, బీఓడీ (సూక్ష్మజీవులు తినగలిగిన మురికికి పట్టే ఆక్సిజన్) 26. కింద ‘పరిమితుల్లోనే’ అన్న మాట. ఏ పరిమితులు? సీఓడీకి 250, బీఓడీకి 30, పీహెచ్‌కి 5.5 నుంచి 9 అనేవి పర్యావరణ పరిరక్షణ నియమాలు 1986 కింద పెట్టిన అంకెలు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి వాగులోకో చెరువులోకో వదిలే నీటికి అవి వర్తిస్తాయి. పీసీబీవాళ్లు నింపుకుపోయింది గొట్టం దగ్గర కాదు, చెరువులో. చెరువు నీటిని గొట్టం నీటి గజంతో కొలిచి ‘బాగానే ఉంది’ అన్నారు. చేపలు బతకాల్సిన నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో ‘డి’ తరగతి ఉంది. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి, విడి అమ్మోనియా 1.2 దాటకూడదు, పీహెచ్ 6.5–8.5 మధ్య ఉండాలి. చేపలు చచ్చాయన్న ఫిర్యాదు మీద తీసిన శాంపిల్లో ఆక్సిజన్ వరసే లేదు, అమ్మోనియా వరసా లేదు. పీసీబీకి మీరు రాసే మొదటి ఉత్తరంలో అడగాల్సింది ఇదే.

ఆ రిపోర్టులోనే ఇంకో సంగతి దాగి ఉంది. సీఓడీని బీఓడీతో భాగించండి, ఎనిమిది వస్తుంది. ఊరి మురికినీళ్లలో ఆ నిష్పత్తి రెండు చుట్టుపక్కల ఉంటుంది, ఎందుకంటే మన మురికిని సూక్ష్మజీవులు తినగలవు. సీఓడీ ఎక్కువై బీఓడీ తక్కువగా ఉందంటే, జీవులు తినలేని పదార్థం నీటిలో ఉందని అనుమానించాలి. అనుమానమనే అంటున్నాను, రుజువనట్లేదు. పచ్చగా నాచు పట్టిన చెరువులో నాచు వల్ల కూడా సీఓడీ పెరుగుతుంది. ‘మీ ఊరి డ్రైనేజీ వల్లే’ అని ఎవరైనా తేల్చేస్తే మాత్రం ఈ అంకె చూపించి మాట్లాడొచ్చు.

చేపల విషయంలో మీరు రాయని ఒక వివరం మీ మామగారిని అడగండి: కొరమీనులు చచ్చాయా? ఇది చిన్న ప్రశ్న కాదు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ నీటిలోని ఆక్సిజన్ మీదే బతుకుతాయి. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. తెల్లవారుజామున బొచ్చెలు, రవ్వలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి, పెద్దవి ముందు చచ్చి, కొరమీనులు మాత్రం బతికి ఉంటే అది ఆక్సిజన్ అయిపోవడం. దానికి కంపెనీయే కారణం కానక్కర్లేదు. మొదటి వాన కోళ్లఫారం చెత్తనూ ఊరి మురికినీ ఒక్కసారిగా తోసుకొచ్చినా అలాగే అవుతుంది. కొరమీనులు కూడా పోయి, పిల్లలూ పెద్దవీ ఒకేసారి తేలి, మధ్యాహ్నం ఎండలో కూడా చావులు ఆగకపోతే విషపదార్థం మీద అనుమానం బలపడుతుంది. జూన్ నాటి సంగతి సంఘంలో నలుగురిని వేర్వేరుగా అడిగి వాళ్ల మాటల్లోనే రాసి సంతకాలు తీసుకోండి. అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అవుతుంది. మళ్లీ చేపలు తేలితే, కుళ్లినవి కాకుండా చావబోతున్నవి నాలుగైదు తీసి ఐసులో పెట్టి అదే పూట మత్స్యశాఖ అధికారికి చూపించాలి. సాయంత్రానికి వాటిలో చదవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు మీరు రాయాల్సిన పుస్తకం సంగతి. కుర్రాళ్ల ఉత్సాహమంతా నీళ్లు నల్లగా ఉన్న రోజు వీడియో తీయడంలోనే ఉంటుంది. ఆ వీడియో రెండ్రోజులు తిరిగి మాయమవుతుంది. నిలిచేది మామూలు రోజుల లెక్క. నీళ్లు బాగున్న రోజులు కూడా రాసి ఉంటేనే బాగాలేని రోజుకు అర్థం వస్తుంది. పేజీ నంబర్లున్న కుట్టు పుస్తకం ఒకటి కొనండి, విడి కాగితాలు వద్దు. వారానికి రెండుసార్లు, మూడు చోట్ల చూడండి: కంపెనీ కాలువ వాగులో కలిసే చోటుకు వంద మీటర్ల ఎగువన, కలిసిన తర్వాత వంద మీటర్ల దిగువన, చెరువు తూము దగ్గర. ఎగువ చోటు వదిలేస్తే మొత్తం లెక్క వృథా. ‘ఆ ఉప్పు మీ నేలలోనే ఉంది’ అన్న మాటకు జవాబిచ్చేది అదొక్కటే. తేదీ, గంట, అంతకుముందు రోజు వాన పడిందా లేదా, రంగు, వాసన, నురగ, గాలి ఎటు వీస్తోంది, పీహెచ్, టీడీఎస్ రాయండి. ఇద్దరు సంతకం చేయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి పక్కన రాయండి, దిద్దకండి, తెల్లరంగు పూయకండి.

టీడీఎస్ పెన్ను, పీహెచ్ పెన్ను ఆన్‌లైన్లో దొరుకుతాయి. రెంటితోనూ జనం మోసపోతారు. పీహెచ్ పెన్నును 4, 7 బఫరు ద్రావణాలతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) వారం వారం సరిచూడకపోతే నెలలోనే తప్పులు చెబుతుంది. టీడీఎస్ పెన్ను నిజానికి టీడీఎస్‌ను కొలవదు. నీరు కరెంటును ఎంత మోస్తుందో కొలిచి ఒక గుణకంతో హెచ్చిస్తుంది. కాబట్టి దానికి లవణాలే కనిపిస్తాయి. టొల్యూన్ లాంటి ద్రావకం చెరువులో ఒంపినా ఆ పెన్ను కదలదు. పెన్నులో అంకె తక్కువుందని నీళ్లు మంచివనుకుంటే అంతకంటే పొరపాటు లేదు. పెన్ను పని ‘ఈ రోజు ఏదో మారింది’ అని చెప్పడం వరకే. ఆ రోజు సీసా నింపి ల్యాబ్‌కు పంపాలి.

సీసా నింపడంలోనే ఎక్కువ కేసులు పోతాయి. కూల్‌డ్రింక్ బాటిల్ పనికిరాదు. ఏ పరీక్షకు ఏ సీసా అన్నది ల్యాబ్‌వాళ్లే చెప్పి ఇస్తారు, ముందురోజే తెచ్చుకోండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉండటం ఒక్కటే చాలదు, మీరు అడిగే పరీక్షకు కూడా ఆ గుర్తింపు ఉందో లేదో వాళ్ల జాబితాలో చూసుకోండి. సీఓడీ సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కన్నా తగ్గించి చల్లగా ఉంచాలి. భారలోహాలకైతే నత్రికామ్లం వేయాలి. ఈ ఆమ్లం చుక్కలు ల్యాబ్‌వాళ్లే ముందుగా వేసి ఇస్తే మంచిది, అలాంటి సీసాను వాగునీళ్లతో కడగకూడదు. ఏమీ వేయని సీసానే మూడుసార్లు అదే నీటితో కడిగి నింపాలి. బీఓడీ సీసాను ఐసుపెట్టెలో పెట్టి ఆ రోజే ల్యాబ్‌కు చేర్చాలి. ద్రావకాల పరీక్షకైతే చిన్న గాజు సీసాను గాలిబుడగ మిగలకుండా నింపాలి, బుడగ ఉంటే ద్రావకం అందులోకి ఎగిరిపోతుంది. ఇక ఆక్సిజన్ సీసాలో పట్టి మోసుకెళ్లేది కాదు. దారిలోనే మారిపోతుంది కనుక ఒడ్డునే చుక్కల కిట్‌తో చూడాలి, అదీ తెల్లవారుజామున అయిదున్నరకు, మళ్లీ మధ్యాహ్నం మూడింటికి. రాత్రంతా నాచు ఆక్సిజన్‌ను తాగేసి పగలు మళ్లీ వదులుతుంది. మధ్యాహ్నం అంకె చూసి చెరువు భేషుగ్గా ఉందనుకోవడం తేలిక.

ఫొటోలు తీస్తే అసలు ఫైలు ఫోన్‌లో అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తేదీ, చోటు వివరాలు చెరిగిపోతాయి. కంపెనీ గోడ దాటొద్దు, గేటు లోపలికి కెమెరా పెట్టొద్దు. కాలువ వాగులో కలిసే చోటు నుంచి చెరువు దాకా ఊరి దారి చాలు మీకు.

ఇలా మీరు తీసిన శాంపిల్‌తో కంపెనీ మీద నేరుగా కేసు నడవదన్నది నిజమే. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కంపెనీకి నోటీసిచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి బోర్డు అధికారి తీసిందే చెల్లుతుంది. మీ పుస్తకం పని అధికారిని సరైన రోజున సరైన చోటికి రప్పించడం. నాలుగో రోజు కాకుండా నాలుగో గంటకు. నీళ్లు మారిన వెంటనే ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, పది నిమిషాల్లో అదే సంగతి గంటతో సహా ఈమెయిల్ చేయండి. అధికారి వచ్చినప్పుడు పంచాయతీ కార్యదర్శిని పిలవండి, ఎక్కడ నింపారో పంచనామాలో రాయించండి, అదే నిమిషంలో అదే చోట మీ సీసా కూడా నింపుకోండి. చెరువు నీళ్లు పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ సాక్ష్యచట్టం నియమాలకు కట్టుబడక్కర్లేదని 2010 చట్టం 19వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, అక్కడ మీ పుస్తకానికీ ల్యాబ్ కాగితానికీ విలువ ఉంటుంది.

ఇక రెండోది, కంపెనీ తన చేత్తో తాను రాసిచ్చిన కాగితాలు. నా లెక్కలో నీళ్లకన్నా ఇవే బలమైనవి. కంపెనీ నడుపుకోవడానికి పీసీబీ ఇచ్చిన అనుమతిలో, అంటే సీఎఫ్‌ఓ ఆర్డరులో, రోజుకు ఎన్ని కిలోలీటర్ల మురుగు రావచ్చో, దాన్ని ఏం చేయాలో, ఎక్కడికి పంపాలో షరతుల వారీగా ఉంటుంది. ‘జీరో లిక్విడ్ డిశ్చార్జి’ అని ఉంటే 250 దాకా సీఓడీ ఉండొచ్చన్న వాదనే లేదు, బయటికి చుక్క రాకూడదు. నీటి చట్టం 25వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం ఈ షరతుల రిజిస్టరును ఆ నీటి వల్ల నష్టపోయినవాళ్లు ఆఫీసు వేళల్లో చూడొచ్చు. ఈ సెక్షన్ సంగతి కౌంటరులో కూర్చున్నవాళ్లకే చాలామందికి తెలియదు, కాబట్టి ప్రింటు తీసుకుని వెళ్లండి.

కంపెనీకి కేంద్రం నుంచో రాష్ట్రం నుంచో పర్యావరణ అనుమతి ఉండి ఉంటే, 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి అది అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు బహిరంగ పత్రాలు, అడిగినవారికి ఇవ్వాలి. అనుమతి కాపీ మీ పంచాయతీలో కూడా ఉండాలి. పంచాయతీకి ఆర్టీఐ పెడితే రుసుము కూడా లేదు. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం పెట్టిన పరివేశ్ పోర్టల్‌లో కంపెనీ పేరుతో వెతికినా కొన్ని దొరుకుతాయి. 1994కు ముందు మొదలై తర్వాత విస్తరించని కంపెనీ అయితే ఈ అనుమతి లేకపోవచ్చు, అప్పుడు సీఎఫ్‌ఓ మీదే ఆధారపడాలి. వీటికి తోడు ప్రతి సెప్టెంబరు 30 లోపు పీసీబీకి ఇచ్చే పర్యావరణ ప్రకటన ఒకటుంది, ఫారం 5 అంటారు. వాడిన నీరెంత, తయారైన సరుకెంత, మురుగెంత అని అందులో ఉంటుంది. సరుకు ఏటేటా పెరిగి మురుగు మాత్రం అంగుళం కదలకపోతే, మిగతా మురుగు ఎటు పోయిందన్న ప్రశ్న కాగితం నుంచే పుడుతుంది.

ఆర్టీఐ ఎలా రాయాలో చెబుతాను, ఎందుకంటే చాలామంది అర్జీ ఇక్కడే బోల్తా పడుతుంది. ‘ఎందుకు చర్య తీసుకోలేదు?’ అని అడిగితే జవాబు రాదు. సంజాయిషీ ఇవ్వమని చట్టం చెప్పదు, ఉన్న కాగితం ఇవ్వమంటుంది. ఇలా రాయండి: ఫలానా కంపెనీ ప్రస్తుత సీఎఫ్‌ఓ, ప్రమాదకర వ్యర్థాల అనుమతి, అన్ని అనుబంధాలతో ధ్రువీకరించిన నకళ్లు, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, శాంపిల్ విశ్లేషణలు, ఫలానా ఫిర్యాదు మీద శాంపిల్ తీసిన తేదీ, గంట, చోటు, ల్యాబ్‌కు చేరిన తేదీ ఉన్న రికార్డు, నోటీసులు, టాస్క్‌ఫోర్స్ కమిటీ మినిట్స్, ఆన్‌లైన్ మీటర్లు బోర్డు సర్వరుకు పంపిన లెక్కలు, ఈటీపీకి విడిగా కరెంటు మీటరు ఉండాలన్న షరతు ఉంటే ఆ రీడింగులు. పది రూపాయలు, ముప్ఫై రోజులు. రాకపోతే ముప్ఫై రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

పంపులు నడిచాయో లేదో చెప్పేది ఆ కరెంటు రీడింగులే, లాగ్‌బుక్ కాదు. ఫొటో మీకు చెప్పిన సంగతి మరో దారిలో వస్తుంది. ఇక్కడే అతి పెద్ద జాగ్రత్త. మరిది చెప్పిన ఆ ఒక్క రాత్రి గురించి అడగొద్దు. అడిగిన తేదీయే చెప్పినవాణ్ని పట్టిస్తుంది. ఏడాది మొత్తం అడగండి.

అడిగిందెవరో కంపెనీకి తెలుస్తుందా? తెలిసే అవకాశం ఉంది. వాణిజ్య రహస్యం అనిపించే కాగితాల మీద ఆర్టీఐ చట్టం 11వ సెక్షన్ కింద కంపెనీ అభిప్రాయం అడుగుతారు. అందుకే మీ పేరుతో వేయాలన్న నియమమేమీ పెట్టుకోకండి. దేశ పౌరులెవరైనా ఎక్కడినుంచైనా అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీ ఊరి కుర్రాడొకడు వేస్తే చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, పుస్తకం రాస్తూ ఊరుకోవడం. ఇంట్లో గొడవ ఉండదు, ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఎవరికీ లేని లెక్క ఉంటుంది. కాకపోతే గడువు కరిగిపోతుంది. హరిత ట్రిబ్యునల్‌లో 14వ సెక్షన్ కింద పిటిషన్‌కు ఆరు నెలలే గడువు, సరైన కారణం చూపితే ఇంకో అరవై రోజులు. జూన్ ఆఖరి నుంచి లెక్కేస్తే డిసెంబరు ఆఖరు. నష్టపరిహారం, చెరువు బాగుచేత కోసం 15వ సెక్షన్ కింద మాత్రం అయిదేళ్ల సమయం ఉంది, కాబట్టి డిసెంబరు దాటితే అంతా పోయినట్టు కాదు.

రెండో దారి, సంఘం చేత కదిలించడం. చేపలు పోయింది వాళ్లవి, నష్టం లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది: ఎన్ని పిల్లలు వదిలారు, ఏ నెలలో ఎంత పట్టారు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు సంఘం తీర్మానంతో అర్జీ పెడితే ఒక కోడలి పేరు మీద నిలబడాల్సిన భారం పోతుంది. చిక్కల్లా పోయినేటి ఆ స్టాంపు కాగితం. ‘ఇకమీదట ఫిర్యాదు చేయం’ అని అందులో ఉండొచ్చు. దాని నకలు ముందు సంపాదించండి. అలా రాసి ఉన్నా, అది సంతకం పెట్టినవాళ్ల పాత నష్టానికి సంబంధించిన ఒప్పందమే. కాలుష్యం చేసుకోవడానికి ఎవరూ ఎవరికీ సంతకంతో అనుమతి ఇవ్వలేరు, బోర్డు బాధ్యత అంతకన్నా తీరదు. కానీ సంఘంలో చీలిక తేవడానికి కంపెనీ దాన్ని వాడుకుంటుంది, అందుకు సిద్ధపడి ఉండండి. ఈసారి మళ్లీ డబ్బు ఇస్తామంటే తీసుకోవడమా మానడమా సంఘం ఇష్టం. రసీదు మీద తేదీ, ఏ నష్టానికి అన్నది తప్ప ఇంకో వాక్యం ఉండకుండా చూసుకోండి.

మూడోది ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని దక్షిణ మండల బెంచి కిందికి వస్తాయి. పరిహారం అడగకపోతే రుసుము వెయ్యి రూపాయలు, అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఉత్తరం మీదా, పత్రికా వార్త మీదా కూడా ట్రిబ్యునల్ తనంత తాను కేసు తీసుకోవచ్చని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సాధారణంగా ముందు ఒక సంయుక్త కమిటీని వేసి చెరువు చూసి రమ్మంటారు. ఆ కమిటీ వచ్చే రోజున ఊళ్లో పుస్తకం ఉందా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. త్వరగా తేలుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ పక్కనే పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టులో మొదలై, 2001లో హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 1990లో పుట్టిన పిల్లకు పెళ్లై పిల్లలు కూడా పుట్టేంత కాలం.

పటాన్‌చెరు పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మామూలు పరీక్షల్లో ఇది కనబడదు. మురుగులో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో మాత్రం అవి లేవు. కాబట్టి ల్యాబ్ రిపోర్టులో అన్నీ బాగున్నా, మీ పిల్లల్ని ఆ చెరువులో ఈతకు పంపకండి. తాగడానికీ వంటకూ భగీరథ నీళ్లే వాడండి, చెరువు పక్క బోరు వద్దు.

ఏ దారి ఎంచుకున్నా ముందు ఇంట్లో ఒక పని మిగిలి ఉంది. ఆర్టీఐ చిత్తుప్రతి రాసి, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరిదికి చదివి వినిపించండి. సలహా కోసం కాదు, సంతకం కోసం అంతకన్నా కాదు. బయటి మనిషికి తెలియని సంగతి ఏ వాక్యంలో తొంగిచూస్తోందో ఆ ప్లాంటులో పనిచేసేవాడికే తెలుస్తుంది. అతను వేలు పెట్టి చూపించిన వాక్యాన్ని వాదించకుండా కొట్టేసి, మిగిలింది శుభ్రంగా తిరగరాసి, ఆ తర్వాత బెంగళూరు కుర్రాడికి పంపండి.